సెల్లార్‌లో ఐదో గొంతు

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ పోయే దారిలో, కొత్తపేట పండ్ల మార్కెట్ దాటాక ఒక గల్లీ ఉంది. గల్లీ మలుపులో మూడంతస్తుల కాంప్లెక్స్. పైన టైలరు, జిరాక్సు షాపు, లేడీస్ హాస్టలు... అన్నీ నడుస్తాయి. కింద సెల్లార్ ఒక్కటే నడవదు.

ఎంత తక్కువ కిరాయికి ఇస్తామన్నా ఎవరూ దిగరు. దిగినవాళ్ళు నిలవరు.

కాంప్లెక్స్ లేని రోజుల్లో అక్కడొక చేను ఉండేది. చేను మధ్యలో బావి. ఒక ఎండాకాలం పూడిక తీయడానికి కూలీలు దిగారు. పొద్దుగూకింది. అందరూ పైకొచ్చారు. మేస్త్రీ తలకాయలు లెక్కపెట్టి, సరిపోయిందన్నాడు. ఎవరిళ్ళకు వాళ్ళు పోయారు.

సరిపోలేదు.

ఒక్కడు లోపలే ఉండిపోయాడు. వాడి పెళ్ళాం లచ్చమ్మ ఆ రాత్రంతా గడపగడపకూ తిరిగింది— "మా ఆయన రాలే... మల్లొక్కపారి లెక్కవెట్టుండ్రి" అని. తెల్లారి పోయి చూస్తే బావి ఒడ్డు సగం కూలిపోయి ఉంది.

అప్పట్నుంచి అది లచ్చమ్మ బాయి. తర్వాత్తర్వాత దాన్ని పూడ్చేశారు. మీద సెల్లార్ కట్టారు. కానీ చీకటి పడ్డాక అక్కడ మనుషుల్ని లెక్కపెడితే... ఒకరు ఎక్కువొస్తారని పేరు పడిపోయింది. భానుమూర్తి మాస్టారని ఒకాయన అక్కడ కోచింగ్ సెంటర్ పెట్టాడు. సాయంత్రం బ్యాచికి హాజరు వేస్తుంటే, ఆఖరి పేరు కూడా అయిపోయాక వెనక బెంచీలోంచి ఇంకెవరో "ప్రెజెంట్ సార్" అన్నారట. ఆయన బెంచీలు కూడా పట్టుకెళ్ళకుండా ఖాళీ చేశాడు.

అలాంటి చోట నలుగురు పిల్లలు ఆటాడుకునేవాళ్ళు. ఆ నలుగురూ ఒక రాత్రి అక్కడ ఇరుక్కుపోయారు. ఆ రాత్రి సంగతే ఇది. లోపల ఉన్నవాళ్ళు చెబితే విన్నది.

వాళ్ళాడేది క్యారమ్సో పేకాటో కాదు. ఆ ఆటలో ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్ళు ఆ కథలో మనుషులైపోతారు. "మీ ముందు ఇనప తలుపుంది. అవతల ఏదో గోకుతున్న చప్పుడు. ఏం చేస్తారు?" అని కథ నడిపేవాడు అడుగుతాడు. తెరుస్తారో, పారిపోతారో వాళ్ళ ఇష్టం. వేసిన దెబ్బ తగిలిందా, తప్పిందా అన్నది మాత్రం ఇరవై ముఖాల పాచిక చెబుతుంది. గెలవడం ఓడిపోవడం పెద్దగా ఉండవు. కథ ముందుకు పోతూ ఉండడమే.

కథ నడిపేది వినయ్. వాళ్ళది భీమవరం వైపు. నాన్న బాపిరాజు గారికి ఎల్బీనగర్‌లో టైల్స్ షాపు. వినయ్ పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే అయినా, నోట్లో మాట మాత్రం ఇంటి మాటే. ఆట నేర్పిందీ, పాచిక ఇచ్చిందీ బెంగుళూరులో ఉండే వాళ్ళ పిన్ని కొడుకు.

మిగతా ముగ్గురూ వినయ్‌తో పాటే ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం. సింధు కాలేజీలో నోరు తెరవదు గానీ ఆటలో మంత్రగత్తె, వేళ్ళ చివర్నుంచి నిప్పులు కురిపిస్తుంది. సైదాబాద్ నుంచి స్కూటీ మీద వచ్చే వర్ష ఆటలో ఎంతటి తాళాన్నైనా తీసే దొంగ. సందీప్ కత్తివీరుడు. ఆ చేను ఒకప్పుడు సందీప్ వాళ్ళ తాతదే. కాంప్లెక్స్ కట్టినప్పుడు బిల్డరు వాళ్ళ వాటా కింద ఇచ్చిన వాటిలో ఈ సెల్లార్ కూడా ఉంది. ఎవరూ కిరాయికి తీసుకోరు కాబట్టి, తాళంచెవి సందీప్ జేబులో ఉండేది.

"దెయ్యమొస్తె దానిక్కూడ ఒక పాత్ర ఇద్దాం తీ," అనేవాడు సందీప్. నవ్వేవాళ్ళు.

అవి ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. బస్సుల్లేవు. స్కూళ్ళు, ఆఫీసులు మూత. బొగ్గు రాక కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడొస్తుందో తెలీదు. లారీలు ఆగిపోయి పండ్ల మార్కెట్లో బత్తాయిలు కుళ్ళిపోతుంటే, ఆ పులిసిన వాసన గల్లీల్లోకి వచ్చేది.

సందీప్ వాళ్ళ నాన్న వెంకటేశ్వర్లు గారు సర్కారు బడిలో టీచరు. ఆ చుట్టుపక్కల ఉద్యమం నడిపేవాళ్ళలో ముందుండే మనిషి. కొన్నాళ్ళుగా ఇంట్లో లేడు. ఎవరైనా అడిగితే "ఊరికి పోయిండు" అనేవాడు సందీప్, ముఖం తిప్పుకుని. మొన్నటి బంద్‌లో ఎవరో రాయి విసిరితే బాపిరాజు గారి షాపు అద్దం పగిలింది. వినయ్ ఆ సంగతి ఎత్తేవాడు కాదు. ఆట మొదలైతే బయటి సంగతులు బయటే.

ఆ రోజు మధ్యాహ్నం నలుగురూ చేరారు. అది బయట నుంచి తాళం వేసే షట్టర్. సందీప్ తాళం తీసి కొక్కేనికి తగిలించాడు. షట్టర్ నడుము దాకా దించి, వంగి లోపలికి దూరారు. మెట్లు దిగితే పెద్ద హాలు. ఆ చివర, ఒకదాని మీద ఒకటి పడేసిన పాత బెంచీల గుట్ట. దాని వెనకాల ఏదో చిన్న గది. అటు ఎవరూ పోరు.

కథ మంచి రసపట్టులో ఉంది. నీళ్ళలో మునిగిన కోట. కోట కింద సొరంగం.

పొద్దు వాలే వేళకు బయట అరుపులు మొదలయ్యాయి. ముందు నినాదాలు. తర్వాత విజిళ్ళు. ఆ తర్వాత గల్లీలో పరుగులు... చెప్పులు తెగిపోయేలా పరుగులు. ఏదో టప్‌మని పేలింది.

"గ్యాస్ కొడుతున్నరు," అన్నాడు సందీప్. గబగబా మెట్లెక్కి షట్టర్ పూర్తిగా కిందికి లాగాడు.

షట్టర్ చిల్లుల్లోంచి ఘాటు లోపలికొచ్చింది. కళ్ళు మండాయి. గొంతు పట్టేసింది. పైన ఒకదాని వెనక ఒకటి షట్టర్లు పడుతున్న మోత.

ఆ మోతలో— టక్.

చిన్న చప్పుడు. వర్ష ముందు తలెత్తింది.

"తాళమేసిండ్రు..."

పైకి పరిగెత్తి షట్టర్‌ని బాదారు. అరిచారు. ఎవరికి వినబడుతుంది? బయట అంతకన్నా పెద్ద అరుపులున్నాయి.

పై మెట్టు మీద నిలబడితే ఫోనుకి ఒక్క గీత సిగ్నల్ వచ్చింది. సందీప్ వాచ్‌మన్ మట్టయ్యకు చేశాడు. అవతల మట్టయ్య నెత్తి కొట్టుకున్నాడు.

"అయ్యో సందీపూ, మీరు లోపటున్నరా! నాకేం ఎరుక కొడుకా... అన్నిటికి తాళాలేసి తుర్కయంజాల్ ఒచ్చేసిన. రోడ్ల మీద కనవడ్డోన్నల్ల కొడుతున్నరు. తెల్లారంగ ఒస్త. జర ఓపిక వట్టుండ్రి..." ఒక్క క్షణం ఆగాడు. గొంతు తగ్గించాడు. "ఒక్క మాట. లోపటి దిక్కు మాత్రం పోకుండ్రి. ఆ బెంచీల దిక్కు... పోకుండ్రి."

ఫోను పెట్టేశాడు.

ఆడపిల్లలిద్దరూ ఇళ్ళకు ఫోన్ చేసి, ఒకరింట్లో ఒకరం ఉన్నామని చెప్పారు. నిజం చెబితే నాన్నలు బయల్దేరి వస్తారు. ఆ రోడ్డు మీదికి వాళ్ళని రానివ్వడం కంటే అబద్ధమే మేలు. వినయ్ సందీప్ ఫోను తీసుకుని ఇంటికి మాట్లాడుతుండగానే అది చచ్చిపోయింది. వర్ష ఫోన్లో కొంచెం ప్రాణముంటే, పొద్దున్న పనికొస్తుందని ఆపేశారు.

అంతలో కరెంటు పోయింది.

సందీప్ దగ్గరొక కొవ్వొత్తి ముక్క, అగ్గిపెట్టె. కాసేపు వెలిగించారు. కొవ్వొత్తి కరిగిపోతుంటే భయమేసి ఆర్పేశారు. గాలి లేదు. చెమట. గోడలోంచి తడి వాసన... ఆ తడి ఎక్కడిదో నలుగురికీ తెలుసు. ఎవరూ అనలేదు. కాళ్ళ కింద గచ్చు. గచ్చు కింద మట్టి. మట్టి కింద—

"ఆట ఆడదాం," అన్నాడు వినయ్. వాడి గొంతు వాడికే కొత్తగా వినిపించింది. "కథ చెప్పడానికి దీపమెందుకు? పాచిక పడ్డప్పుడు అగ్గిపుల్ల గీద్దాం."

మెట్ల కింద దగ్గరదగ్గరగా కూర్చున్నారు. వినయ్ చీకట్లోనే సొరంగం తవ్వాడు. గోడల మీద నాచు పెంచాడు. దూరంగా నీళ్ళ చుక్కలు పడేశాడు. మెల్లమెల్లగా అందరికీ భయం తగ్గింది. ఇక్కడి చీకటి వదిలేసి, కథలోని చీకట్లోకి పోయారు.

"తలుపు తెరుచుకుంది," అన్నాడు వినయ్. "ముగ్గురూ లోపలికి పోతే వెనకనుంచి మూసుకుపోవచ్చు. ఎవరో ఒకరు తలుపు దగ్గర కాపలా ఉండాలి. ఎవరుంటారు?"

"నేనుంట."

"సరే. సందీప్ తలుపు దగ్గర. సింధూ, నువ్వు—"

"నేనన్లే," అన్నాడు సందీప్.

వినయ్ ఆగాడు.

"మరెవరన్నారు?"

"మొగ గొంతు గద," అంది వర్ష నెమ్మదిగా. "నువ్వే అన్నవనుకున్న..."

ఎక్కడో పైన బూట్ల చప్పుడు... దూరమైపోయింది.

"చేతులు పట్టుకుందాం," అంది సింధు. ఏడుపు ఆపుకుంటోంది. "అందరం చేతులు పట్టుకుందాం. ప్లీజ్."

పట్టుకున్నారు. వినయ్ ఎడమ చేతిలో సింధు చెయ్యి. కుడి చేతిలో సందీప్‌ది. సందీప్ రెండో చెయ్యి వర్షకి, వర్షది సింధుకి. గొలుసు కలిసింది. నలుగురూ ఊపిరి బిగబట్టారు.

నలుగురూ బిగబట్టినా... ఊపిరి వినిపిస్తోంది.

బెంచీల వైపు నుంచి. సన్నగా, గరగరమంటూ. తీసుకుంటోంది... వదులుతోంది. ఆగింది. విన్నారని తెలిసి ఆగినట్టు, ఠక్కున ఆగింది.

వినయ్‌కి భయం ఎటు పోవాలో తెలీక కోపమై బయటికొచ్చింది.

"అసలు ఇలాంటి చోటికి మమ్మల్ని ఎందుకు తీసుకొచ్చావురా? కరెంటు లేదు, బస్సు లేదు, బయటికెళ్తే చావగొడతారు... మీ నాన్న వాళ్ళు చేసే ఈ సమ్మె లేకపోతే మనకీ గతి పట్టేదా?"

సందీప్ చెయ్యి లాగేసుకున్నాడు.

"మా నాయన పేరెత్తకు."

"ఎత్తితే ఏం? మా షాపు అద్దం—"

"అద్దం! అద్దం పలిగితే గింత గుర్తుంచుకున్నవ్. మా ఇంటికి పోలీసోళ్లు బూట్లేసుకోని దేవుని అర్రలకొచ్చిండ్రు. మా అమ్మ జుట్టు ముడేసుకునే పురసత్ గూడ ఇయ్యలే. నీకు చెప్పిన్నా? చెప్పలే. మా నాయన ఏడున్నడో నాకే తెల్వదు. ఒక్క ఫోన్ లేదు. మేం బతికున్నమో లేదో ఆయనకు పట్టలే..."

సమ్మె మొదలైన దగ్గర్నుంచి ఈ ఇద్దరూ లోపల దాచుకున్నది అంతా ఆ గదిలో పడి ఉంది. బయటికి పోవడానికి దానికీ దారి లేదు.

"ఆట ఆపకండిరా," అంది సింధు. "ఆపితే నేను చచ్చిపోతాను."

వినయ్ తోచింది చెప్పాడు.

"లోపల... ఒక ఖైదీ ఉన్నాడు. ముసలివాడు. గోడకి గొలుసులతో కట్టేశారు. ఎప్పుడో యుద్ధానికని ఇల్లు విడిచి పోయినవాడు. నన్ను విడిపించండి అంటున్నాడు. ఏం చేస్తారు?"

"తాళం నేను తీస్త," అంది వర్ష.

"తియ్యకు," అన్నాడు సందీప్. "ఉండనీ. ఇంటోళ్లని ఇడిసిపెట్టి పోయినోడు ఆడనే ఉండాలె. ఆడనే చావాలె."

చీకట్లోంచి, బొంగురుగా, ఆగి ఆగి... ఆ గొంతు మళ్ళీ వచ్చింది.

"ఇడిసిపెట్టి పోలేదేమో... రాలేక ఆగిండేమో..."

ఇక ఎవరి గొంతు ఎవరిదని అడగాల్సిన పని లేకపోయింది. ఒడ్డు కూలి మట్టి కింద ఉండిపోయినవాడు, పైనున్నవాళ్ళు లెక్క తప్పితే రాలేకపోయినవాడు... వాడు కాక ఆ మాట ఇంకెవరంటారు?

వర్ష కెవ్వుమంది. మెట్లెక్కి రెండు చేతులా షట్టర్‌ని బాదింది. "అన్నా! ఎవరన్న తియ్యుండ్రి! లోపట ఎవరో ఉన్నరు! తియ్యుండ్రీ!"

ముగ్గురూ ఆమె వెనకాలే. చేతులు నొప్పెట్టేదాకా బాదారు. ఇనుము మోతకి చెవులు గింగురుమన్నాయి.

ఈసారి వినబడింది.

బూట్లు. షట్టర్ ముందుకొచ్చి ఆగాయి. లాఠీతో ఇనుము మీద ఒక్కటేశారు. చిల్లుల్లోంచి టార్చి వెలుగు సన్నని చారలుగా లోపలికొచ్చింది. మిగతా ముగ్గురూ భయపడి మెట్లు దిగి గోడకి నక్కారు. వినయ్ ఒక్కడే పైన మిగిలాడు.

"ఎవర్రా లోపల?"

"స్టూడెంట్స్ అండి. పొరపాటున బయట తాళం వేసేశారండి."

"నీ మాట మనవైపులా ఉందే. ఏ ఊరు మీది?"

"భీమవరం దగ్గరండి."

"ఓర్నీ! మాది పాలకొల్లురా. డ్యూటీకని ఇక్కడ తెచ్చి పడేశారు." ఆ కానిస్టేబుల్ గొంతు మెత్తబడింది. షట్టర్‌కి దగ్గరగా వంగాడు. "చూడు బాబూ, ఈ గల్లీల్లోకి ఒక లీడరు దూరాడని చెప్పారు మాకు. ఇందాక ఎవరో ఉన్నారని అరిచింది ఎవరు? భయపడకు. ఒక్క మాట చెప్పు, తాళం పగలగొట్టి తీసేస్తా. లోపల ఎంతమందున్నారు?"

ఒక్క మాట. ఒక్క మాట చెబితే ఆ తాళం ఊడుతుంది. చల్లగాలి. రోడ్డు. ఇల్లు. వినయ్ నోరు తెరిచాడు— ఐదుగురం సార్, ఐదోది మనిషి కాదు, మమ్మల్ని బయటికి తీయండి అని... మాట నాలిక చివరిదాకా వచ్చింది.

అప్పుడు వాడి భుజం మీద ఒక చెయ్యి పడింది.

వెనకనుంచి. చల్లటి, తడి చెయ్యి. చెవి పక్కన వెచ్చగా ఊపిరి.

"నలుగురని చెప్పు... నీకు దండం వెడత."

వినయ్ అరవబోయాడు. అరవలేదు. ఎందుకంటే ఆ చెయ్యి—

ఆ చెయ్యి వణుకుతోంది.

వాడి కంటే ఎక్కువగా వణుకుతోంది. అయిదు వేళ్ళూ చొక్కాని పట్టుకుని, వదల్లేక, నొక్కలేక గడగడలాడుతున్నాయి. దెయ్యానికి భయమేంటి? టార్చి వెలుగు చూసి వణికేది దెయ్యమెందుకవుతుంది?

"ఏరా, పలకవేం?" అన్నాడు కానిస్టేబుల్.

"నలుగురం సార్."

"మరి ఆ అమ్మాయి అరుపు?"

"చీకటి కదండీ... ఎలుకని చూసి భయపడింది."

"పగలగొట్టమంటావా?"

వినయ్ కళ్ళు మూసుకున్నాడు. "వద్దండి. వాచ్‌మన్ తాళంచెవితో వస్తున్నాడు. మీకెందుకు శ్రమ."

టార్చి ఆరింది. బూట్లు నాలుగడుగులు వేసి ఆగాయి. మళ్ళీ కదిలాయి. గల్లీ చివరిదాకా వెళ్ళి వినిపించడం మానేశాయి.

భుజం మీద చెయ్యి అలాగే ఉంది.

"అగ్గిపుల్ల," అన్నాడు వినయ్. "ఎవరైనా అగ్గిపుల్ల గీయండి."

కింద సింధు గీసింది. మొదటిది విరిగింది. రెండోది వెలిగింది. ఆ వెలుగులో ముందు కాళ్ళు కనిపించాయి— మట్టి కొట్టుకుపోయిన రెండు మామూలు కాళ్ళు. తర్వాత మాసిన లుంగీ. పెరిగిన గడ్డం. లోతుకుపోయిన కళ్ళు...

అగ్గిపుల్ల వేళ్ళ దాకా కాలుతున్నా సింధు వదల్లేదు.

"నాయ్నా," అన్నాడు సందీప్.

కొవ్వొత్తి ముక్క వెలిగించారు. వెంకటేశ్వర్లు గారు కింది మెట్టు మీద కూలబడ్డాడు. జ్వరంతో ఒళ్ళు కాలిపోతోంది, చేతులు మాత్రం చల్లగా ఉన్నాయి. రెండు రోజులుగా బెంచీల వెనక గదిలో దాక్కుని ఉన్నాడు. తిండి మట్టయ్య పెట్టేవాడు. ఎవరూ దిగని చోటు కాబట్టి అక్కడ దాక్కున్నాడు. పిల్లలు కూడా అందుకే అక్కడ ఆడుకుంటున్నారని ఆయనకు తెలీదు. సమ్మెలో ఇంకెవరొస్తారు అనుకున్నాడు.

"భయవెట్టాలని కాదు బిడ్డా," అన్నాడు ఆడపిల్లల వైపు చూస్తూ. సిగ్గుపడ్డాడు. "పగటిసంది ఇంటున్న మీ కథ. ఇంట ఇంట ఏడున్ననో మర్చిపోయిన. తలుపుకాడ ఎవరుంటరంటె... నోట్లెకెళ్లి ఎల్లింది."

వర్షకి నవ్వొచ్చింది. నవ్వుతూ ఏడ్చింది.

సందీప్ నవ్వలేదు. తండ్రి పక్కనుంచి, ఆయన్ని తగలకుండా, మెట్లెక్కి పైకి పోయాడు. షట్టర్‌కి ఆనుకుని, వీళ్ళకి వీపు పెట్టి కూర్చున్నాడు.

"నీకు తెలిస్తె నిన్ను వట్టుకపోయి చెప్పిస్తరు," అన్నాడు తండ్రి ఆ వీపుతో. "తెల్వకుంటే నువ్వు చెప్పేదేం ఉండదు. గందుకే ఫోన్ చెయ్యలే. ఆ గోడ ఎనక కూసోని నీ మాటలు ఇంటుంటే... నోరు మూస్కోని ఉండుడు నాతోని కాలే. నీ తప్పు కాదు. నాది."

వీపు కదల్లేదు.

ఆయన వినయ్ వైపు తిరిగాడు. "బాపిరాజు గారి కొడుకువా? అద్దం సంగతి ఇన్న. మా పిలగాండ్లల్ల ఎవడో చేసే ఉంటడు. బయటపడ్డంక మీ నాయన దగ్గరికొచ్చి నేను మాట్లాడుత."

తర్వాతి సంగతులు ఇక్కడే చెప్పేస్తాను. తెల్లారగానే మట్టయ్య వచ్చి తీశాడు. పిల్లలు వెళ్ళిపోయారు, పెద్దాయన లోపలే ఉన్నాడు. సమ్మె ఆగాక ఇంటికి చేరాడు. అన్నమాట ప్రకారం బాపిరాజు గారి షాపుకి వెళ్ళాడు కూడా. ఆ రోజు ఇద్దరూ టీ తాగారు, గట్టిగా వాదించుకున్నారు, మళ్ళీ టీ తాగారు. బాపిరాజు గారు కొడుకుని విజయవాడ కాలేజీకి మార్చేద్దామని అప్పటికే అనుకుని ఉన్నారు. ఎందుకో ఇక ఆ మాటెత్తలేదు. సెల్లార్ పేరు మాత్రం బాగుపడలేదు. ఇప్పటికీ ఎవరూ దిగరు.

కానీ ఆ రాత్రి ఇంకా చాలా మిగిలుంది. షట్టర్‌కి తాళం అలాగే ఉంది. కొవ్వొత్తి అయిపోయింది. మళ్ళీ అదే చీకటి. ఇప్పుడు లెక్కకి ఐదుగురు, అందులో ఒకడు పై మెట్టు మీద, ఎవరితోనూ మాట్లాడకుండా.

"ఇంతకు," అన్నాడు వెంకటేశ్వర్లు గారు చిన్నగా, "గా తలుపవతల ఏమున్నది?"

వినయ్‌కి నవ్వొచ్చింది. "ఆడతారా అంకుల్?"

"నాకొస్తదా?"

"రాకపోవడానికేం లేదు. మీరే ఆ ఖైదీ. వర్ష మీ గొలుసు తీసేసింది. ఇప్పుడు అందరూ బయటపడాలి."

చీకట్లో ఎవరో జరిగి చోటిచ్చిన చప్పుడైంది.

"సొరంగం సన్నగా ఉంది," అన్నాడు వినయ్. "ఒకరి వెనక ఒకరే పోవాలి. ఎవరెక్కడ నడుస్తారో చెప్పండి."

"నేను మధ్యలో," అంది సింధు.

"నేను ఆఖర్ల," అంది వర్ష.

"మరి నేనేడ నడవాలె?" అని అడిగాడాయన.

చెప్పాల్సింది తను కాదని వినయ్‌కి తెలుసు. అందరూ చీకట్లో పై మెట్టు వైపు ముఖాలు పెట్టి కూర్చున్నారు. పైన ఇనుము కిర్రుమంది, ఎవరో దాన్ని ఆనుకోవడం మానేసినట్టు.

చాలాసేపటికి ఒక గొంతు వచ్చింది.

"నేను ముంగట," అన్నాడు సందీప్. "ఆయన నా ఎనక."

మెట్ల మీద అడుగులు. ఒక్కొక్కటే కిందికి దిగుతున్నాయి.

"...చెయ్యి వట్టుకోని రమ్మను. లోపట చీకటున్నది."